అసైన్‌మెంట్ సబ్మిట్ చేయడం ఎలా: సిమిలారిటీ రిపోర్ట్ నుంచి రసీదు దాకా

బీటెక్ నాలుగేళ్లూ ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి దింపి, ప్రాజెక్ట్ రిపోర్ట్‌కు స్పైరల్ బైండింగ్ చేయించి డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి వచ్చిన అలవాటుతో మాస్టర్స్‌కు యూకేకో అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్తే, మొదటి సెమిస్టర్‌లోనే రెండు చిక్కులు ఎదురవుతాయి. అసైన్‌మెంట్ క్యాన్వాస్, మూడుల్, బ్లాక్‌బోర్డ్ లాంటి పోర్టల్‌లోనే పెట్టాలి. అక్కడ గడియారం బతిమాలినా ఆగదు. పెట్టిన ఫైల్ చాలా కోర్సుల్లో నేరుగా టర్నిటిన్ అనే, పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది. మీ వాక్యాల్లో ఏవి ఇంకెక్కడ ఉన్నాయో రంగులు పూసుకుని సిమిలారిటీ (పోలికల) రిపోర్ట్ లెక్చరర్ ముందుకొస్తుంది. ఈ రెండింటికీ ఎలా సిద్ధం కావాలో గడువుకు పది రోజుల ముందు నుంచి మొదలుపెట్టి చూద్దాం.

పది రోజుల ముందు: బ్రీఫ్‌లో వెతకాల్సినవి

ప్రశ్న ఒక్కటే చదివి రాయడం మొదలుపెట్టకండి. అసైన్‌మెంట్ బ్రీఫ్‌లో, అంటే దాని సూచనల పత్రంలో, ఈ సంగతులు ఎక్కడ ఉన్నాయో వెతికి కాగితం మీద రాసుకోండి: గడువు తేదీ, గంట, అది ఏ ఊరి టైమ్, ఏ ఫార్మాట్‌లో ఫైల్ కావాలి, వర్డ్ కౌంట్‌లో రిఫరెన్సులు, టేబుళ్లు కలుస్తాయా, రిఫరెన్సింగ్ పద్ధతి హార్వర్డా, ఏపీఏ ఏడో ఎడిషనా, ఐట్రిపుల్‌ఈనా, గడువులోపు ఎన్నిసార్లు మార్చి పెట్టుకోవచ్చు, చివరిగా, ఏఐ టూల్స్ వాడటం మీద ఏం రాశారు.

గంట దగ్గర చాలామంది పొరబడతారు. ‘శుక్రవారం 12:00 ఏఎం’ అంటే గురువారం రాత్రి పన్నెండు. శుక్రవారం రోజంతా ఉంది కదా అనుకుంటే అప్పటికే లేటు. సెలవులకు ఇంటికొచ్చి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో సబ్మిట్ చేస్తుంటే ఇంకో లెక్క కావాలి. అమెరికా సెంట్రల్ టైమ్‌లో రాత్రి 11:59 అంటే వేసవిలో మనకు మర్నాడు ఉదయం 10:29, చలికాలంలో 11:29. యూకేలో మధ్యాహ్నం 12 అంటే వేసవిలో మనకు సాయంత్రం 4:30, చలికాలంలో 5:30. గడియారం మార్చుకునే రోజులు కూడా ఒకటి కావు. యూకేలో అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం. ఫాల్ సెమిస్టర్ అసైన్‌మెంట్లు సరిగ్గా ఈ రోజుల చుట్టూనే పడతాయి. పోర్టల్‌లో మీ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ యూనివర్సిటీ ఊరికి పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

యూకేలో చాలా కోర్సుల్లో పేరు కనపడకుండా దిద్దుతారు. అలాంటప్పుడు ఫైల్ పేరులో, హెడర్‌లో, కవర్ పేజీలో స్టూడెంట్ నంబర్ మాత్రమే ఉండాలి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఒకచోట పడి, పోర్టల్‌లో ఒకలాగా ఐడీ కార్డులో ఇంకోలాగా కనిపించే మనవాళ్లకు నంబరు వాడటం ఎలాగూ సుఖమే.

రాస్తున్నప్పుడే చేయాల్సిన పని

రిపోర్ట్‌లో రంగు పడ్డాక దిద్దుకోవడం కంటే నోట్స్ దశలో జాగ్రత్తపడటం తేలిక. పేపర్ నుంచి ఏ ముక్క కాపీ చేసినా వెంటనే కొటేషన్ గుర్తుల్లో పెట్టి, పక్కన రచయిత, సంవత్సరం, పేజీ నంబరు వేయండి. మూడు రోజుల తర్వాత అదే నోట్స్ తెరిస్తే ఏది మీ వాక్యమో, ఏది పేపర్‌దో మీకే గుర్తుండదు. తెలియక చేసిన ప్లేజరిజంలో (ఇతరుల రాతను సొంతదిగా చూపడంలో) పెద్ద వాటా ఇక్కడే పుడుతుంది.

రెండో తప్పు, వాక్యం అలాగే ఉంచి మాటలు మార్చడం. తెలుగులోనే చూపిస్తే తేలిగ్గా తెలుస్తుంది. మూలంలో ఇలా ఉందనుకోండి:

‘బోరుబావుల సంఖ్య పెరగడం వల్ల భూగర్భ జలమట్టం పడిపోవడమే కాక, చిన్న రైతు మీద అప్పుల భారం కూడా పెరిగింది.’

దీన్ని ఇలా మార్చారనుకోండి:

‘గొట్టపుబావుల సంఖ్య అధికమవడం వల్ల భూగర్భ నీటిమట్టం తగ్గిపోవడమే కాక, సన్నకారు రైతు మీద రుణభారం కూడా అధికమైంది.’

మాటలు కొన్ని మారాయి, వాక్యం ఎముకలు అవే. చివర రిఫరెన్స్ పెట్టినా చాలా యూనివర్సిటీల్లో ఇది తప్పే, ఎందుకంటే ఆ వాక్యం మీరే కూర్చారని చదివేవాళ్లు అనుకుంటారు. ఇప్పుడు పేపర్ మూసేసి, అందులో ఏముందో మీ స్నేహితుడికి చెప్తున్నట్టు రాయండి:

‘నీళ్లు అడుగంటిన కొద్దీ రైతు ఇంకా లోతుగా తవ్వించాలి, అందుకు మళ్లీ అప్పు చేయాలి. చిన్న కమతాల వాళ్లకు ఈ రెండు నష్టాలూ కలిసే వచ్చాయని ఈ అధ్యయనం చెబుతోంది’ అని రాసి, పక్కనే రచయిత ఇంటిపేరు, సంవత్సరం.

ఇందులో మూలంలోని విషయం ఉంది, దాన్ని మీరు అర్థం చేసుకున్న తీరూ ఉంది. అయితే మూలం అనని మాట దాని నోట్లో పెట్టకూడదు కాబట్టి, రాశాక పేపర్ మళ్లీ తెరిచి సరిచూసుకోవాలి. మూసి రాయడం, తెరిచి చూడటం అనే ఈ రెండు పనులూ ప్రతి పేరాకూ చేస్తే సిమిలారిటీ గురించి పెద్దగా బెంగపడక్కర్లేదు.

రిఫరెన్సులకు జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, వర్డ్‌లోనూ గూగుల్ డాక్స్‌లోనూ పనిచేస్తుంది. కానీ అది వెబ్‌పేజీ నుంచి లాక్కొచ్చిన వివరాలను గుడ్డిగా నమ్మొద్దు. సంవత్సరం లేకుండా, టైటిల్ అంతా పెద్ద అక్షరాల్లో, రచయిత పేరు స్థానంలో వెబ్‌సైట్ పేరుతో ఎంట్రీలు వస్తుంటాయి. మన పేర్లతో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది కూడా ఉంది. ‘కె. శ్రీనివాసరావు’ అన్నప్పుడు ‘కె’ ఇంటిపేరు. జర్నల్ ఇండెక్సులు మాత్రం ఇంగ్లీషులో విడిగా రాసే చివరి మాట ‘రావు’నే ఇంటిపేరుగా తీసుకుంటాయి. మీరు మన పద్ధతిలో సరిదిద్దితే చదివేవాళ్లకు ఆ పేపర్ దొరకదు. పేపర్‌ను జర్నల్ పేజీలో ఎలా ఉదహరించమని ఇచ్చారో అలాగే ఉంచండి.

ఒక అసైన్‌మెంట్‌లో మీరే రాసిన పేరాను ఇంకో అసైన్‌మెంట్‌లో పెట్టడం కూడా తప్పు కిందికే వస్తుంది. ‘నాదే కదా’ అంటే ఒప్పుకోరు. ఒకే పనికి రెండుసార్లు మార్కులు ఇవ్వరు. నిజంగా అవసరమైతే లెక్చరర్‌కు ముందే మెయిల్ పెట్టి అడగాలి.

నాలుగు రోజుల ముందు: చెక్ ఎక్కడ చేయించాలి

ముందు మీ కోర్సు పేజీలోనే చూడండి. డ్రాఫ్ట్ పెట్టుకునే బాక్స్, లేదా ప్రాక్టీస్ టర్నిటిన్ పేరుతో ఒక లింక్ చాలా యూనివర్సిటీలు ఇస్తాయి. కొన్నిచోట్ల గూగుల్ డాక్స్‌లో గానీ వర్డ్ ఆన్‌లైన్‌లో గానీ టర్నిటిన్ డ్రాఫ్ట్ కోచ్ అనే టూల్ ఉంటుంది. అది ఒక్కో డాక్యుమెంట్‌కు మూడుసార్లు మాత్రమే సిమిలారిటీ చూపిస్తుంది, కాబట్టి సగం రాసినప్పుడే ఒకటి ఖర్చు చేయకండి. ఏ బాక్స్ వాడినా, అందులో పెట్టిన డ్రాఫ్ట్ టర్నిటిన్ నిల్వలో ఉండిపోతుందా లేదా అని లైబ్రరీలోనో కోర్సు టీమ్‌నో ముందే అడగండి. ఉండిపోయేట్టయితే ఫైనల్ ఫైల్ మీ డ్రాఫ్ట్‌తోనే సరిపోలే ప్రమాదం ఉంది.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ‘టర్నిటిన్ రిపోర్ట్ ఇస్తాం’ అని డబ్బులు తీసుకునేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు. వాళ్ల దగ్గర ఉండేది ఎక్కడిదో ఒక కాలేజీ అకౌంట్. మీ ఫైల్‌ను అందులో పెట్టి రిపోర్ట్ తీస్తారు. అక్కడ నిల్వ చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మీ వ్యాసం ఎవరో విద్యార్థి పేపర్‌గా టర్నిటిన్‌లో చేరిపోతుంది. నాలుగు రోజుల తర్వాత మీరు అసలు బాక్స్‌లో పెడితే ఎరుపు రంగుతో 95 శాతమో 100 శాతమో వస్తుంది, మూలం దగ్గర వేరే యూనివర్సిటీ పేరు ఉంటుంది. ఆ పేపర్ మీదేనని రుజువు చేసుకోవడం చాలా కష్టం. నెట్‌లో ఉచితంగా చెక్ చేస్తామనే సైట్లతో ఇంకో లోటుంది. వాటికి డబ్బు కట్టి చదివే జర్నళ్లు, ఇతర విద్యార్థుల పేపర్లు అందవు. అక్కడ 2 శాతం చూసి మురిసిపోయినవాళ్లకు టర్నిటిన్‌లో 30 రావడం మామూలే.

అసలు బాక్స్‌లోనే గడువులోపు మార్చి పెట్టుకునే వీలుంటే ఒక లెక్క గుర్తుంచుకోండి. మొదటి మూడు రిపోర్టులు కాసేపట్లో వస్తాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు మార్చి పెట్టినా ఒక్కో రిపోర్ట్‌కు 24 గంటలు ఆగాలి. ఆఖరి రోజు సాయంత్రం మొదలుపెట్టి నాలుగోసారి మార్చినవాళ్లు రిపోర్ట్ చూడకుండానే గడువు దాటిపోతారు. ఇంకొకటి: ఇలాంటి బాక్సుల్లో గడువు ముగిశాక తోటి విద్యార్థుల ఫైళ్లతో కూడా పోల్చి రిపోర్ట్ మళ్లీ తయారవుతుంది. మీరు చూసినప్పుడు 12 ఉన్నది లెక్చరర్ చూసేసరికి 40 కావచ్చు. రూమ్మేట్‌కు ‘ఊరికే చూసి ఇస్తాను’ అంటే ఫైల్ ఇచ్చినవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ విచారణ ఉత్తరం ఒకటే వస్తుంది. సీనియర్ ఇచ్చిన పోయినేటి ఫైలూ ఇంతే. అది నిరుటి నుంచి ఆ నిల్వలోనే కూర్చుని ఉంటుంది.

రిపోర్ట్‌ను చదవడం

అందరూ అడిగే ప్రశ్న ‘ఎంత శాతం దాకా పర్లేదు?’ అని. బ్రీఫ్‌లో ఒక అంకె ఇచ్చి ఉంటే దాన్ని పాటించండి. ఇవ్వకపోతే అంకె వెనక పరిగెత్తొద్దు. టర్నిటిన్ చెప్పేది ఎంత భాగం ఇంకెక్కడో ఉందో మాత్రమే. అది దొంగతనమా కాదా అని తేల్చేది మనిషి. రంగులు కూడా అంతే: నీలం అంటే ఏదీ కలవలేదు, ఆకుపచ్చ 24 శాతం వరకు, పసుపు 25 నుంచి 49, నారింజ 50 నుంచి 74, ఆపైన ఎరుపు. ఆకుపచ్చ రాగానే గట్టెక్కినట్టు కాదు.

లెక్క వేసి చూడండి. 2,500 పదాల వ్యాసంలో 18 శాతం అంటే 450 పదాలు. ఆ 450 పదాలు ముప్పై మూలాల నుంచి పదిహేనేసి చొప్పున వచ్చి ఉంటే, వాటిలో చాలావరకు రిఫరెన్స్ లిస్టు, సంస్థల పేర్లు, చట్టాల పేర్లు, ‘ఈ అధ్యయనం ఉద్దేశం ఏమిటంటే’ లాంటి అరిగిపోయిన మాటలు అయ్యుంటాయి. అదే 450లో 250 పదాలు ఒకే వెబ్‌సైట్ నుంచి వస్తే, రెండు పేరాలు ఎత్తేసినట్టు. అంకె ఒకటే, కథలు వేరు. కాబట్టి మొత్తం శాతం కాదు, మూలాల పట్టికలో మొదటి వరుస ఎంత ఉందో ముందు చూడండి. ఏ ఒక్క మూలమూ ఒకటి రెండు శాతం దాటకపోతే సాధారణంగా భయం లేదు. మొదటిదే ఏడెనిమిది ఉంటే దాని మీద నొక్కి, మీ వ్యాసంలో ఎక్కడ రంగు పడిందో చదవండి.

రంగు పడిన చోటును బట్టి పని మారుతుంది. కవర్ పేజీ, ప్రశ్న పాఠం, డిక్లరేషన్ రంగు పడితే వదిలేయండి, క్లాసులో అందరికీ పడతాయి. రిఫరెన్స్ లిస్టు రంగు పడితే మంచిదే, మీ రిఫరెన్సులు నిజమైనవని అర్థం. బిబ్లియోగ్రఫీ తీసేసే ఫిల్టర్ ఉంటే వేసి మళ్లీ చూడండి. ఆ ఫిల్టర్ పనిచేయకపోతే తరచుగా కారణం మీ హెడింగే. లిస్టు పైన ‘రిఫరెన్సెస్’ లేదా ‘బిబ్లియోగ్రఫీ’ అని ఇంగ్లీషులో విడి లైనులో ఉండాలి. దానికి ‘నేను చదివినవి’ లాంటి సొంత పేరు పెడితే సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టదు. కొటేషన్ గుర్తుల్లో ఉన్న వాక్యం రంగు పడితే గుర్తులు రెండు వైపులా ఉన్నాయా, పేజీ నంబరు ఉందా చూసి ముందుకు వెళ్లండి. అయితే వ్యాసం నిండా కొటేషన్లే ఉంటే ప్లేజరిజం కాకపోయినా మార్కులు పోతాయి, మీ మాట ఎక్కడుందని అడుగుతారు.

అసలు ప్రమాదం గుర్తుల్లేని పూర్తి వాక్యాల్లో, అంతకంటే ఎక్కువగా చిల్లులు పడ్డట్టు కనిపించే పేరాల్లో ఉంటుంది. నాలుగు పదాలు రంగు, రెండు పదాలు తెలుపు, మళ్లీ ఐదు రంగు. పైన బోరుబావి వాక్యానికి చేసిన మార్పు రిపోర్ట్‌లో కనిపించేది ఇలాగే. ఇలాంటి పేరా దొరికితే మిగిలిన రంగు పదాలకు కూడా పర్యాయపదాలు వెతకడం మొదలుపెట్టకండి. పేరా మొత్తం తీసేసి, మూలం మూసి మొదటి నుంచి రాయండి. ఇరవై నిమిషాల పని.

తిరగరాసే టూల్స్‌తో ఈ పని చేయించేవాళ్లు కొత్త చిక్కు కొని తెచ్చుకుంటారు. ఈ టూల్స్ సబ్జెక్టు పదాలను కూడా వదలవు. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ను ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’గా, ‘బ్రెస్ట్ క్యాన్సర్’ను ‘బుజమ్ పెరిల్’గా మార్చిన పేపర్లు అచ్చయిన జర్నళ్లలోనే బయటపడ్డాయి. వీటిని పరిశోధకులు ‘టార్చర్డ్ ఫ్రేజెస్’ అంటున్నారు, అంటే చిత్రహింస పెట్టిన మాటలు. సబ్జెక్టు తెలిసినవాళ్లు ఒక్క లైనులో పట్టేస్తారు. తెల్ల రంగు అక్షరాలు ఇరికించడం, ఇంగ్లీషు ‘ఏ’ బదులు అచ్చం అలాగే ఉండే రష్యన్ అక్షరం పెట్టడం లాంటి తెలివితేటలకు టర్నిటిన్‌లో విడిగా ఫ్లాగ్ పడుతుంది. మామూలు సిమిలారిటీకి అనుకోకుండా జరిగిందని చెప్పుకోవచ్చు, దీనికి అదీ లేదు.

సున్నా శాతం వచ్చినా ఒకసారి ఆలోచించండి. పది రిఫరెన్సులున్న వ్యాసానికి ఏదీ కలవకపోవడం అరుదు. ఫైల్‌లోని పాఠం సాఫ్ట్‌వేర్‌కు సరిగ్గా కనిపించి ఉండకపోవచ్చు. ఇంకా, టర్నిటిన్ పట్టుకునేది మాటలను. ఒకరి ఆలోచనను పూర్తిగా మీ మాటల్లో చెప్పి పేరు చెప్పకపోతే రిపోర్ట్ శుభ్రంగానే ఉంటుంది, తప్పు మాత్రం తప్పే.

ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్ అయితే

మనవాళ్లు ఎక్కువగా చేరేది కంప్యూటర్ సైన్స్, డేటా కోర్సుల్లో కాబట్టి ఇది విడిగా చెప్పాలి. కోడ్‌ను పోల్చడానికి వేరే సాధనాలున్నాయి. 1994లో తయారైన మాస్ ఇప్పటికీ వాడుకలో ఉంది. అది వేరియబుల్ పేర్లను, కామెంట్లను, ఖాళీలను పట్టించుకోదు. కోడ్ కట్టుబడిని చిన్న చిన్న ముక్కలుగా చేసి పోలుస్తుంది. ‘కౌంట్’ను ‘టోటల్’ చేసి, ఫంక్షన్లు పైవి కిందకు మార్చినంత మాత్రాన పోలిక పోదు. స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచో గిట్‌హబ్ నుంచో కొన్ని లైన్లు తీసుకుంటే, బ్రీఫ్ అనుమతిస్తే, ఆ లైన్ల పైనే కామెంట్‌లో లింక్ పెట్టండి. గిట్‌హబ్‌లో మీ అసైన్‌మెంట్ రిపాజిటరీని ప్రైవేట్‌గా ఉంచండి. పబ్లిక్‌గా ఉంచితే ఇంకొకరు ఎత్తుకెళ్తారు, విచారణలో మీరూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

జూపిటర్ నోట్‌బుక్ పంపేటప్పుడు కెర్నల్ రీస్టార్ట్ చేసి అన్ని సెల్స్ మొదటి నుంచి రన్ చేయండి. మీ దగ్గర మెమరీలో మిగిలిన పాత వేరియబుల్‌తో నడిచిన నోట్‌బుక్ దిద్దేవాళ్ల దగ్గర మూడో సెల్‌లోనే ఆగిపోతుంది. డేటా ఫైల్ దారి ‘సి డ్రైవ్, డౌన్‌లోడ్స్’ అని ఉంటే కూడా అంతే.

ఏఐ సంగతి

ఏఐ వాడకం మీద నియమం యూనివర్సిటీని బట్టే కాదు, మాడ్యూల్‌ను (సబ్జెక్టును) బట్టి కూడా మారుతుంది. ఒకచోట వ్యాకరణం దిద్దించుకోవడానికి సరే అంటారు, పక్క మాడ్యూల్‌లో అసలు వద్దంటారు. వాడితే ఎక్కడ, దేనికి వాడారో రాసిచ్చే డిక్లరేషన్ ఉందా చూడండి. టర్నిటిన్‌లో ఏఐ రాతను సూచించే భాగం 2023 ఏప్రిల్ నుంచి ఉంది. అది మామూలుగా లెక్చరర్‌కే కనిపిస్తుంది, మీ సిమిలారిటీ శాతంలో కలవదు. 20 శాతం లోపు వస్తే అంకె చూపకుండా నక్షత్రం గుర్తు మాత్రమే పెడుతుంది, ఆ స్థాయిలో పొరపాట్లు ఎక్కువని.

సొంతంగా రాసినవాళ్లకు రక్షణ ఒక్కటే: రాసిన చరిత్ర. గూగుల్ డాక్స్‌లో గానీ వన్‌డ్రైవ్‌లో ఉన్న వర్డ్ ఫైల్‌లో గానీ మొదటి రోజు నుంచి రాస్తే వెర్షన్ హిస్టరీ దానంతటదే పోగవుతుంది. ఎక్కడో రాసి చివర్లో ఒకేసారి పేస్ట్ చేస్తే ఆ హిస్టరీలో ఒకే ఒక్క లైను ఉంటుంది. ఏఐ ఇచ్చిన రిఫరెన్సులను ఒక్కటి కూడా చూడకుండా పెట్టకండి. రచయిత నిజం, జర్నల్ నిజం, పేపర్ మాత్రం పుట్టనే లేదు అన్న రకం చాలా వస్తాయి. ప్రతి డీఓఐ నంబరునూ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) బ్రౌజర్‌లో తెరిచి, టైటిల్ కలుస్తోందా చూడండి.

ముందు రోజు: ఫైల్ తయారు

వర్డ్‌లో ట్రాక్ చేంజెస్ అన్నీ యాక్సెప్ట్ చేసి, కామెంట్లు తీసేయండి. ‘ఈ పేరా చెత్తగా ఉంది, మార్చాలి’ అని మీకు మీరే రాసుకున్న కామెంట్ లెక్చరర్ చదవాల్సిన పని లేదు. జొటెరో వాడితే ఒక కాపీ పక్కన పెట్టుకుని, పంపే కాపీలో సైటేషన్లను అన్‌లింక్ చేయండి.

పీడీఎఫ్ అడిగితే వర్డ్‌లో ‘సేవ్ యాజ్’ నుంచి పీడీఎఫ్ చేయండి. ప్రింట్ తీసి ఫోన్‌తో స్కాన్ చేసినది పనికిరాదు, అది బొమ్మ. పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ మీ వ్యాసం చదవగలిగేలా కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌కూ కనిపిస్తుంది. ఏమీ పేస్ట్ కాకపోయినా, పిచ్చి గుర్తులు వచ్చినా ఫైల్ మళ్లీ చేయాలి. టర్నిటిన్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ను, 800 పేజీలు దాటిన ఫైల్‌ను తీసుకోదు. కనీసం 20 పదాలుండాలి. ఫొటోలు ఎక్కువున్న రిపోర్ట్ బరువెక్కితే వర్డ్‌లోనే పిక్చర్స్ కంప్రెస్ చేయండి. మ్యాక్ వాడేవాళ్లు పేజెస్ ఫైల్ అలాగే పంపకుండా వర్డ్ లేదా పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలి.

ఇంకో చిన్న ఉచ్చు. వర్డ్ ఫైల్ తెరిచి ఉండగా అదే ఫోల్డర్‌లో తరంగం గుర్తు, డాలర్ గుర్తుతో మొదలయ్యే ఒక దాగిన ఫైల్ పుడుతుంది. దాగిన ఫైళ్లు కనిపించేలా సెట్టింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో హడావుడిగా దాన్ని అప్‌లోడ్ చేసేవాళ్లున్నారు. అందులో వ్యాసం ఉండదు, ఎక్కడా తెరుచుకోదు. అందుకే వర్డ్ మూసేసి, ఫైల్ సైజు చూసి, అప్పుడు ఎంచుకోండి.

ఆ రోజు

గడువుకు కనీసం మూడు గంటల ముందు ల్యాప్‌టాప్ నుంచే పెట్టండి. పెట్టడం వేరు, సబ్మిట్ కావడం వేరు. మూడుల్‌లో ఫైల్ ఎక్కించి సేవ్ చేశాక స్టేటస్ దగ్గర ‘డ్రాఫ్ట్, నాట్ సబ్మిటెడ్’ అని ఉండొచ్చు. అలా ఉంటే ఇంకా అందలేదన్నట్టు. కింద ‘సబ్మిట్ అసైన్‌మెంట్’ నొక్కి, ఇది నా సొంత పని అన్న గడిలో టిక్ పెట్టి, కంటిన్యూ నొక్కితేనే ‘సబ్మిటెడ్ ఫర్ గ్రేడింగ్’ వస్తుంది. బ్లాక్‌బోర్డ్‌లో ‘సేవ్ డ్రాఫ్ట్’ నొక్కి వెళ్లిపోయేవాళ్లదీ ఇదే కథ.

సబ్మిట్ అయ్యాక పేజీ మూసేయకండి. పెట్టిన ఫైల్‌ను అక్కడి నుంచే డౌన్‌లోడ్ చేసి తెరవండి. నిన్నటి వెర్షన్ పెట్టారా, పక్క మాడ్యూల్ ఫైల్ పెట్టారా అన్నది ఇప్పుడే తెలియాలి. గడువు దాటాక పాత ఫైల్‌నే దిద్దుతారు. టర్నిటిన్ డిజిటల్ రిసీట్‌లో సబ్మిషన్ నంబరు, తేదీ, గంట ఉంటాయి. దాన్ని, స్క్రీన్‌షాట్‌ను మార్కులు వచ్చేదాకా ఉంచుకోండి.

చివరి నిమిషంలో పోర్టల్ పడిపోతే గడియారం కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి, గడువులోపే యూనివర్సిటీ మెయిల్ నుంచి మాడ్యూల్ లీడర్‌కు ఫైల్ జతచేసి పంపండి. జీమెయిల్ నుంచి కాదు. పోర్టల్ లేవగానే అక్కడ కూడా పెట్టండి, మెయిల్ ఒక్కటే సబ్మిషన్‌గా తీసుకోరు. జ్వరమో, ఇంట్లో ఆపదో వస్తే ఎక్స్‌టెన్షన్ ఫారం గడువు దాటకముందే వేయాలి. యూకేలో చాలాచోట్ల దీన్ని ఎక్స్‌టెన్యుయేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటారు.

విచారణకు రమ్మని ఉత్తరం వస్తే ఆ రాత్రే క్షమాపణ మెయిల్ రాసేయకండి, సీనియర్ ఇచ్చిన నమూనా జవాబు అసలే వద్దు. ముందు రిపోర్ట్ కాపీ అడగండి. నోట్స్, డ్రాఫ్టులు, వెర్షన్ హిస్టరీ పోగుచేయండి. యూకేలో స్టూడెంట్స్ యూనియన్ సలహా విభాగం ఉచితంగా సాయం చేస్తుంది, చాలాచోట్ల మీతోపాటు మీటింగ్‌కు కూడా వస్తుంది. రంగు పడిన ఒక్కో చోటుకు ‘ఇది ఇందువల్ల’ అని రాసుకుని వెళ్లండి.

ఇక్కడే, మన దేశంలో పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేవాళ్లకు

మన దగ్గర లెక్క వేరు, అంకెలు నిబంధనల్లోనే ఉన్నాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాదిపాటు సవరించిన థీసిస్ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. తగిన రిఫరెన్సుతో ఇచ్చిన ఉల్లేఖనలు, రిఫరెన్సుల జాబితా, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు, వరుసగా 14 పదాల వరకు కలిసే మామూలు మాటలు లెక్కలోకి రావు. కోర్సువర్క్, టర్మ్ పేపర్లు, మామూలు అసైన్‌మెంట్లకు ఈ నిబంధనలు వర్తించవు. అవి మీ డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది.

తనిఖీ యూనివర్సిటీ లైబ్రరీ ద్వారా జరుగుతుంది. యూజీసీ కింద పనిచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల శోధ్‌శుద్ధి పథకం 2019లో ఉర్కుండ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలై, తర్వాత డ్రిల్‌బిట్‌కు మారింది. ఆమోదం పొందిన థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ నిల్వలో అందరికీ కనిపిస్తుంది, కాబట్టి పాత థీసిస్ నుంచి ఎత్తిన అధ్యాయం తేలిగ్గా దొరుకుతుంది. మీరే ముందు అచ్చు వేసుకున్న పేపర్ కూడా పోలికలో కనిపిస్తుంది. దాన్ని ఎలా చూపించాలో, ఏ సర్టిఫికెట్ జతచేయాలో గైడ్‌ను అడిగి లైబ్రరీకి వెళ్లండి.

థీసిస్ తెలుగులో ఉంటే నోట్‌ప్యాడ్ పరీక్ష తప్పనిసరి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన ఫైల్ కాగితం మీద ముత్యాల్లా ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన రొద కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు కనిపించేదీ అదే. అలాంటి ఫైల్‌ను యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే కన్వర్టర్లు ఒత్తులు, ముఖ్యంగా ‘ర’ ఒత్తు, ‘క్ష’లు అక్కడక్కడా తప్పిస్తాయి, కాబట్టి మార్చాక ప్రతి పేజీ ఒకసారి చదవడానికి కనీసం వారం రోజులు పెట్టుకోండి.